పొగాకు లేని బీడీలు

జూన్ 4, 2006, ఆదివారం
ఏం దోస్తూ, కోపమా? పది రోజులైంది నిన్ను తెరవక. ఏమనుకోకు. తమ్ముడు లింబాద్రి మోకాలు మళ్ళీ ఉబ్బింది. బస్సు మెట్టుకు తగిలింది, అంతే! వాడికి పుట్టుకతోనే నెత్తురు గడ్డకట్టదు. బోధన్‌లో దుకాణం అవ్వకు అప్పజెప్పి, నిజామాబాద్ ఆస్పత్రి చుట్టూ తిరుగుడే తిరుగుడు.

జూన్ 6
మేనకోడలు సుజాత హైదరాబాద్ నుంచి దిగింది. ల్యాబులో పని. ఉన్నట్టుండి సెలవు. "పెద్దసారే పొమ్మన్నడు మామా." ముఖం బాగాలేదు.

జూన్ 7
ఇవాళ నోరు విప్పింది. లింబాద్రి లాంటివాళ్ళ ఒంట్లో లేని జన్యువును లోపలికి మోసుకుపోయే బండి వైరస్సేనట, రోగం తెచ్చే గుణం తీసేసి. ఆ వైరస్‌ను సీసాల్లో పెంచే కణాలు తయారుచేస్తాయి. చాలా తక్కువ చేస్తాయి. అందుకని వీళ్ళు ఆ కణాన్నే మార్చారు. వైరస్ కుప్పలుగా వచ్చింది! సారు మిఠాయి పంచాడు.
సుజాత పరీక్షిస్తే... సగానికి పైగా ఉత్త పెంకులు. లోపల జన్యువే లేదు.
బీడీలు చుడుతున్న అవ్వ చేయి ఆగింది. "అంటే పొగాకు లేని బీడీ అన్నట్టు."
"గంతే అమ్మమ్మా."
"మరి ఏరి పారేయరా?"
"ఏరితే లెక్క తగ్గుతదంటడు సారు. అన్నీ కలిపి రాసి, కింద నన్ను సంతకం పెట్టుమంటుండు. ఇంటికి పోయి ఆలోచించుకొని రమ్మన్నడు."

జూన్ 8
నాకింకా కోపం దిగలేదు. అవ్వ కట్టలో ఒక్క బీడీ మెత్తగా తగిలితే చాలు, బీడీలు కొనే టేకేదారు కట్టంతా కళ్ళ ముందే విరిచి పడేస్తాడు. చిన్నప్పటి నుంచి చూస్తున్నా. అంత చదివిన సారుకు ఉత్త పెంకు కూడా సరుకే! నేను ఖాళీ అగ్గిపెట్టె అమ్మితే చెప్పుతో కొట్టరూ?

జూన్ 9
అవ్వ కళ్ళు మూసుకుని బీడీలు ఒక్కొక్కటే వేళ్ళ మధ్య ఎత్తింది. "గిది నిండుది. గిది బోలుది. బరువే చెప్తది బిడ్డా."
ల్యాబులోనూ ఇంతేనట. గిర్రున తిప్పితే నిండువి కిందికి, బోలువి పైకి.
లింబాద్రి: "అవ్వను తీస్కపో పిల్లా, మిషిన్ పనే ఉండది."
చాలా రోజులకు నవ్వాం.

జూన్ 11
లింబాద్రి అడిగాడు. "సంతకం పెట్టకపోతే ఈ మందు పని ఆగుతదా?"
"ఆగొచ్చు చిన్న మామా. పైసలిచ్చేటోళ్ళు లెక్కనే సూస్తరు."
మోకాలు పట్టుకుని కూర్చున్నాడు.
"పెట్టకు. బోలుది ఎక్కిస్తే నా నెత్తురు ఆగుతదా?"
వాడి నోట ఈ మాట అనిపించిన ఆ సారు... ఎదురుగా ఉంటేనా!

జూన్ 12
పొద్దున్నే సుజాతను బస్సెక్కించాం. లింబాద్రి కిటికీ చువ్వ వదలడే. "మల్ల ఎప్పుడొస్తవ్ బిడ్డా?"
"సంతకం పెడితే దసరాకొస్త. పెట్టకపోతే... రేపే."

జూన్ 13
సాయంత్రం. హైదరాబాద్ బస్సులు మూడు వచ్చాయి. మూడింటికీ లింబాద్రి కుంటుకుంటూ ఎదురెళ్ళాడు. సుజాత దిగలేదు. ఇంకొకటి ఉందట.
రావాలని మొక్కాలా, రావద్దనా?
సుజాతా, ఎప్పుడు కలుస్తం బిడ్డా?