కూలర్ పక్కన పిట్టలు

లాల్‌పేట్, చంద్రపూర్
22-5-1996

బాపుకు సుభాషిణి దండాలు.

బస్సులో ఎండకు తట్టుకోవని నువ్వు నా దగ్గర వదిలి వెళ్లిన లవ్ బర్డ్స్ రెండూ క్షేమం, బెంగపడకు. పోయిన వారం ఎండ నలభై ఏడు దాటింది. పిట్టలు నోళ్లు తెరిచి రొప్పుతుంటే నీ అల్లుడు పంజరాన్ని కొత్త కూలర్‌కు ఎదురుగా పెట్టారు. తెల్లారేసరికి మగపిట్ట ఈకలు ఉబ్బించుకుని ముడుచుకుపోయింది, గింజ ముట్టలేదు. నీకు ఏమని రాయాలో తెలియక ఏడ్చాను. పక్కింటి రుక్కమ్మత్త వచ్చి చూసి, "ఏంది పిల్లా, గిట్ల తడిగాలి మీదికే కొడితే సలికి సస్తయి! గోడ దిక్కు జరుపు, సగం బట్ట కప్పు" అని కేకలేసింది. అలాగే చేశాను. మర్నాటి సాయంత్రానికి గింజలు తిని ఈల వేసింది!

ఆడపిట్ట గుడ్లు పెట్టిందని నీకు రాయలేదు. నిన్నటికి మూడు పిల్లలు బయటికొచ్చాయి.

ఇక్కడ పిట్టలకు మంచి కొర్రలు దొరకడం లేదు, ఈసారి ఇటు వచ్చేటప్పుడు మన తిరుపతి బావతో రెండు కిలోలు పంపు. నీ మోకాలి నొప్పి తగ్గిందా? అమ్మ కళ్లద్దాలు మార్పించావా?

కూలర్ మోతలో పిల్లల కిచకిచ వినపడదని నీ అల్లుడు దాన్ని కాసేపు ఆపేసి, చెమటలు కారుతున్నా నవ్వుతూ పంజరం దగ్గరే కూర్చున్నారు. అమ్మకూ నీకూ మా ఇద్దరి దండాలు.

నీ బిడ్డ
సుభాషిణి