సుగుణ మందులు మానేసిన ఎండాకాలం

మార్చి 14, 2005

సోమవారం. సుగుణ మాత్రలు వేసుకునే రోజు. రాలేదు.

అంగన్‌వాడీ పిల్లలకు ఉప్మా పెట్టేసి, బీరువాలోంచి డబ్బా తీసి ముందు పెట్టుకొని కూర్చున్నాను. డబ్బా మీద నా చేతిరాతే: సుగుణ, ఇరవై ఆరేళ్ళు. వారానికి మూడు రోజులు నా కళ్ళ ముందే మింగాలి. ఏన్కూరు దవాఖానా వాళ్ళు అలాగే చెప్పారు. డిసెంబరు నుంచి ఒక్క రోజు తప్పలేదు.

సొంత చెల్లెలు. దగ్గు టీబీ అని తేలిన వారానికే మొగుడు నా గడప ముందు దింపేసి పోయాడు. ఒకే ఇంట్లో ఉంటున్నాం. అయినా ఇవాళ నాకంటే ముందే లేచి ఎటో వెళ్ళిపోయింది.

దైవజనుణ్ణని చెప్పుకునే ప్రకాశం గుడారంలో ఉపవాస ప్రార్థనట. పక్కింటామె చెప్పింది.

మార్చి 16

ఈ రోజూ రాలేదు. అన్నం దగ్గర అడిగేశాను.

"నాకు నయమైందక్కా. దైవజనుడు తల మీద చెయ్యి పెట్టిండు. రొమ్ములకెల్లి ఏదో లేచిపోయినట్టయింది."

నయమైన మాట నిజమే... మూడు నెలల మాత్రలకు. ఇంకా మూడు నెలలు వాడాలి, మధ్యలో ఆపితే తిరగబెడుతుంది, అప్పుడు ఈ మాత్రలు పనిచేస్తాయో లేదో కూడా తెలియదు. అంతా చెప్పాను.

"మాత్ర మింగితే ఆయన్ని నమ్మనట్టే గద?"

ఆయన అంటే ప్రభువా, ప్రకాశమా? అడగకుండా కంచాలు తీసేశాను.

మార్చి 20

మట్టల ఆదివారం. మా గుడిలో పదకొండు మందిమి. కొత్తగూడెం నుంచి వచ్చే పాస్టరు అయ్యగారి బస్సు ఆలస్యం. చేతుల్లో ఈతమట్టలు వాడిపోయాయి. రోడ్డు అవతల గుడారం కిటకిట. అడవి గూడేల నుంచి రెండు గంటలు నడిచి వస్తారు ప్రకాశం దగ్గరికి. మా అయ్యగారు ఆ గూడేలకు ఒక్కనాడూ పోలేదు, అదీ రాసుకోవాలి.

ఐదేళ్ళ కింద ఈ ప్రకాశం మా గుడిలో డోలక్ వాయించేవాడు. సత్తుపల్లి రోడ్డు మీద పంక్చర్లు వేసేవాడు. అయ్యగారు రాని ఆదివారం తాను వాక్యం చెప్తానన్నాడు. పెద్దలు వద్దన్నారు. నెల తిరక్కుండానే అడవి దారిలో వెలుగు కనిపించిందన్నాడు. ఆ తర్వాత టార్పాలిన్, మైకు, తెల్ల లాల్చీ, పేరు ముందు 'అపొస్తలుడు', అంటే ప్రభువే పంపినవాడట.

ఎవరు నియమించారు? "నేను మనుషులు పెట్టిన కాపరిని కాదు" అంటాడు. నిజమే. మనుషులు పెట్టి ఉంటే మనుషులు అడిగేవాళ్ళు. కమిటీ లేదు, బిషప్ లేడు, తప్పు చేస్తే పిలిచి కూర్చోబెట్టే పెద్ద లేడు. తనకు తానే రాసుకున్న ఉత్తర్వు.

అయ్యగారు ప్రార్థన మొదలుపెట్టగానే మైకులో సుగుణ గొంతు. సాక్ష్యం చెబుతోంది. "మందులు గాదు, ప్రభువు ముట్టుకున్నడు..." చప్పట్లు. నేను కళ్ళు మూసుకోలేకపోయాను.

మార్చి 25

శుభ శుక్రవారం. గుడికి రమ్మని పిలిచాను.

"మీ గుళ్ళె నా పక్కన ఎవరు కూసున్నరక్కా? ప్రభువు రొట్టె తీసుకునే బల్ల కాడికి నన్ను ఆఖర్న రమ్మన్నరు. నువ్వు నా గ్లాసు వేరే పెట్టినవ్."

గ్లాసు వేరే పెట్టక్కర్లేదని దవాఖానాలో చెప్పాక కూడా పెట్టాను. ప్రకాశం మాత్రం నలుగురి ముందు దాని తలను రెండు చేతుల్తో పట్టుకున్నాడు. నెలల తరబడి ఎవరూ ముట్టుకోని మనిషిని.

ఎటు పోతున్నానో చూసుకోకుండా మూడు కిలోమీటర్లు నడిచి, తిరిగి వచ్చి, పడుకున్నాను. తినలేదు.

ఏప్రిల్ 4

అయ్యగారిని అడిగాను, ప్రకాశంతో ఒక్కసారి మాట్లాడమని. "మనం పోతే గొడవైతదమ్మా. ప్రార్థన చేద్దాం."

సుగుణ ప్రార్థన అంటుంది. ప్రకాశం ప్రార్థన అంటాడు. అయ్యగారూ అదే అంటారు. ప్రభువా, నేనెవర్ని అడగాలి?

ఏప్రిల్ 19

బోరింగు దగ్గర ప్రకాశం భార్య మార్తమ్మ. బిందె నిండి పొర్లిపోతున్నా చూసుకోవడం లేదు.

"టీచరమ్మా, జొరం గోలీ ఉన్నదా? పిల్ల మూడొద్దుల సంది కాలిపోతుంది. ఆయనకు తెల్వొద్దు."

ఇచ్చాను. ఎలా వెయ్యాలో చెప్పాను. కొంగున ముడేసుకొని వెనక్కి చూడకుండా పోయింది.

ఇన్నాళ్ళూ ప్రకాశాన్ని దొంగ అనుకున్నాను. వాళ్ళింట్లో మందులు దాచుకొని జనానికి వద్దని చెబుతుంటాడని, ఒకనాడు పట్టుకొని బయటపెట్టాలని... కాదు. కన్నబిడ్డకు కూడా ఇవ్వడు. దొంగైతే బెదిరించవచ్చు. నమ్మినవాణ్ణి ఏం చెయ్యాలి?

ఏప్రిల్ 24

పిల్ల గుడారం బయట ఆడుకుంటోంది. లోపల ప్రకాశం ఏడుస్తూ సాక్ష్యం చెబుతున్నాడు: ఏ మందూ లేకుండా తన బిడ్డ లేచిందని. జనం కూడా ఏడుస్తున్నారు. మార్తమ్మ ముందు వరుసలో తల వంచుకొని.

నేనిచ్చిన గోలీ. ఇక ఎందరి చేత మందులు మాన్పిస్తుందో అది.

చెబితే మార్తమ్మ బతుకు ఏమవుతుంది? చెప్పలేదు.

మే 9

సుగుణకు మళ్ళీ దగ్గు మొదలైంది. నేను వింటానని చెంబు తీసుకొని దొడ్లోకి పోతోంది.

మే 12

తునికాకు కోతకు పోయి సగంలో వచ్చేసింది. మెట్టు ఎక్కలేకపోయింది. బువ్వ వద్దంటుంది. జాకెట్టు వదులైంది.

మే 17

రక్తం. గుడ్డ దాచబోతే చెయ్యి పట్టుకున్నాను.

"ఇది పరీక్షక్కా. పోతది."

మే 18

ప్రకాశం దగ్గరికి వెళ్ళాను. గుడారంలో ఒక్కడే, తాళ్ళు బిగిస్తున్నాడు. నాకంటే ఎనిమిదేళ్ళు చిన్న. వాడి కాళ్ళు పట్టుకున్నాను. రాయడానికి సిగ్గేస్తోంది, అయినా రాస్తున్నాను.

"లే అక్కా, గిదేంది! నేనెవ్వర్నీ మందులు మానమన్లే. విశ్వాసం ఉన్నోళ్ళకు అక్కర్లేదన్న, గంతే."

"అయితే ఒక్క మాట చెప్పు దానికి. వేసుకోమను. నువ్వంటే మింగుతది."

తాడు ముడి వేస్తున్నాడు, విప్పుతున్నాడు.

"నేను చెప్తే... మిగిలినోళ్ళ విశ్వాసం ఏమైతదక్కా?"

భయపడుతున్నాడు. వంద మందిని తన మాట మీద నిలబెట్టుకొని, ఆ మాట వెనక్కి తీసుకోలేక భయపడుతున్నాడు. నాకు జాలి రావాల్సింది. రాలేదు.

మే 20

దవాఖానా నుంచి టీబీ సార్ వచ్చాడు. కళ్లె పరీక్ష మళ్ళీ చెయ్యాలట. తిరగబెట్టిందని తేలితే ఈసారి సూదులు కూడా, ఎనిమిది నెలల వైద్యం. ఇక ఒక్కరోజూ ఆలస్యం చెయ్యొద్దన్నాడు.

సుగుణ గోడ వైపు తిరిగి పడుకుంది. సార్ మాట్లాడినంతసేపూ తిరగలేదు.

మే 22

ఆదివారం. ఖమ్మం తీసుకుపోదామని ఆటో మాట్లాడాను. సుగుణ తయారై, ముందు గుడారానికి పోయింది. "ఆరాధన అయినంక వస్త."

ఆటోలోనే కూర్చొని రాస్తున్నాను. ఎండ నెత్తికెక్కింది. ఇక్కణ్ణుంచి సుగుణ కనబడుతోంది. గుంజకు ఆనుకొని ఉంది. పాడటం లేదు, పెదవులు మాత్రం కదులుతున్నాయి.

ఇప్పుడే మార్తమ్మ బయటికొచ్చింది. పిల్ల చంకలో ఉంది. ఆటో కడ్డీ పట్టుకొని నిలబడింది.

"ఆ గోలీ సంగతి చెప్పేస్త టీచరమ్మా. అందరి ముంగట. అప్పుడన్నా సుగుణ మీతోని వస్తదేమో."

ఆయన ఇంట్లోంచి గెంటేస్తే ఎక్కడికి పోతుంది? అడగలేదు. వద్దు అని కూడా అనలేదు నేను.

లోపలికి పోయింది.

మైకులో ఇంకా ప్రకాశం గొంతే.