అంచుదాకా పోసిన టీ

అట్‌బాషీ,
బుధవారం సాయంత్రం

అమ్మకు నీ ఐజిరెక్ సలాములు.

నేనిక్కడ క్షేమమే. నువ్వూ అమ్మమ్మా క్షేమమని తలుస్తాను. ‘ఇక్కడ అందరూ క్షేమం’ అని రాయడానికి మాత్రం చెయ్యి రావడం లేదమ్మా. ఎందుకో చెప్తాను, కాస్త ఓపిక పట్టు. మంచుకి ఫోను తీగలు తెగిపడ్డాయి. అందుకే ఇది బిష్కెక్ వచ్చే వ్యాను డ్రైవరు చేతికిస్తున్నాను.

ముందు నీ ప్రశ్నలు. దగ్గు తగ్గింది. గొర్రె కొవ్వు ఛాతీకి రాసుకున్నాను, ఆ కంపుకి చచ్చాననుకో! బూట్లు బాగానే ఉన్నాయి. ఇక, “మనసు శాస్త్రం చదివి మనుషులంటే భయపడే పిల్ల నా కడుపున ఎలా పుట్టిందే?” అన్నావు. నా పరిశోధనే అదిగా! మనసు బాగాలేని రోగుల పక్కన కూర్చునే మీలాంటి వైద్యులకూ, జవాబులు పోగేసి లెక్కలు కట్టే మాకూ స్వభావంలో ఏమిటి తేడా అని. ఇంతవరకూ నువ్వే గెలిచేట్టున్నావు. మాకు ‘ఎందుకు’ అన్న ప్రశ్నొకటి దొరికితే చాలు, తలుపేసుకుని హాయిగా ఉంటాం. మీకేమో ఎదురుగా మనిషి లేకపోతే పొద్దుపోదు.

నేను ఉంటున్నది సైరకుల్ అక్క ఇంట్లో. ఈ చుట్టుపక్కల నీలాంటి పని చేసేది ఈమె ఒక్కతే. “ఏడుస్తున్న మనిషి దగ్గర మొదట ఏం చేస్తారు?” అని అడిగాను.

“ఏం చేస్తానే? కూర్చుంటా. టీ చల్లారితే పారబోసి మళ్లీ పోస్తా.”

అది నా ప్రశ్నల పట్టికలో ఏ గడిలో రాయాలో తెలీక తల పట్టుకున్నాను. “నీ గడులు తగలెయ్య, ముందు రొట్టె తిను” అని పకపకా నవ్వింది. ఎవరింట్లో చావు కబురు చెప్పాలన్నా ఊరి పెద్దలు ఈమెనే వెంటబెట్టుకెళ్తారు.

ఇవాళ మధ్యాహ్నం ఆ ఊరి పెద్దల్లో ఒకడైన జుమాకదీర్ తాత నన్ను వీధి చివరికి పిలిచాడు. అక్క భర్త తురుస్‌బెక్ బావ నడిపే బొగ్గు లారీ మీద కనుమలో మంచుచరియ విరిగి పడిందట. బావ పోయాడమ్మా. రేపు పొద్దున తెస్తున్నారు. బావ వాళ్లన్నయ్య రాగానే పెద్దలంతా కూడి పద్ధతి ప్రకారం చెప్తారు. అందాకా అక్కకి తెలియకూడదు.

“చెప్పేటప్పుడు నువ్వు ఆమె పక్కన కూర్చోవాలి పిల్లా.”

“తాతా, నాది పరిశోధన! మనుషుల్ని ఓదార్చడం నాకు రాదు.”

“చదివింది మనసు గురించేగా? గొర్రెల్నే చూస్తాను, మేకల్ని చూడనంటాడా గొడ్ల డాక్టరు?”

అమ్మా, తిట్టకు. నేను తిన్నగా వెళ్లి రేపటి వ్యానులో సీటు చెప్పేసుకున్నాను. సంచీ కూడా సర్దేశాను. ఆమె గుండె పగలడం దగ్గరుండి చూడాలంటే నాకు చచ్చేంత భయం. ఏదో ఒక పిచ్చిమాట అనేస్తే?

తర్వాత టీకి కూర్చున్నాం. చిన్నదాన్ని కదా, పోయాల్సింది నేనే. “రేపు మీ బావొస్తాడు, ఆకలి ఆకలంటూ ప్రాణం తీస్తాడు” అంటోంది అక్క. నేను ఆపడం మరిచి పోస్తూనే ఉన్నాను. సగం పోయాల్సిన గిన్నెని, ఇక లేచి వెళ్లమని అతిథికి చెప్పేటట్టు అంచుదాకా నింపేశాను.

“ఏంటే, నా ఇంట్లోంచి నన్నే వెళ్లగొడుతున్నావా?” అని నవ్వింది. నవ్వుతూనే నా మొహంలోకి చూసింది. నవ్వు ఆగిపోయింది.

“పెద్దలొస్తున్నారా?”

నా ఏడుపే జవాబైపోయింది. నా చేతిలోంచి టీ కూజా తీసి పక్కన పెట్టి అంది:

“నువ్వేం చెప్పలేదు, నేనేం వినలేదు. పాపం, తాత మాటలు కూర్చుకుని ఉంటాడు, ఆయన్నే చెప్పనీ. రేపు నా పక్కన కూర్చుంటావా?”

“నాకు రాదక్కా.”

“నాకు మాత్రం వచ్చా, ఈ వైపు కూర్చోవడం?”

సీటు వద్దని చెప్పొచ్చానమ్మా. నా బదులు ఈ ఉత్తరం ఎక్కుతోంది. భయం మాత్రం పోలేదు. పక్కగదిలో అక్క పెద్ద పళ్లెం నిండా పిండి కలుపుతోంది. అంతెందుకని అడిగితే, “రేపు చాలామంది వస్తారుగా” అంది.

ఇట్లు,
భయపడుతూనే ఇక్కడ ఉండిపోతున్న నీ కూతురు,
ఐజిరెక్