మేము చివరిదాకా చూడని మ్యాచ్

జూన్ 3, మంగళవారం

పాత మ్యాచులు వేసే ఛానెల్ ఒకటి కొత్తగా వచ్చింది. పొద్దస్తమానం అవే. ఆటగాళ్ళందరికీ మీసాలు, వదులు ప్యాంట్లు. ఇప్పటివాళ్ళలా మెడదాకా పచ్చబొట్లు లేవు. అవుటయితే తల దించుకుని వెళ్ళిపోయేవాళ్ళు పాపం, ఇంట్లో తిట్లు తినబోతున్నట్టు.

అప్పట్లో మా వీధి మొత్తానికి మాదొక్కటే కలర్ టీవీ. ఆదివారం సాయంత్రం సినిమాకి చెప్పులు గుమ్మం దాటి గేటు దాకా ఉండేవి. హీరో విలన్‌ని కొడితే పక్కింటావిడ మా సోఫాని కొట్టేది. ఇప్పటి సీరియల్లో అత్తగారు తల ఇటు తిప్పడానికే ఒక ఎపిసోడ్ పడుతుంది. మధ్యలో ఉరుములొకటి.

మ్యాచ్ ఉన్నరోజు నన్ను కూర్చోనిచ్చేవాళ్ళు కాదు. నేను వంటింటి గుమ్మంలో నిలబడితేనే మనవాళ్ళ వికెట్ పడదని మా ఇంట్లో నమ్మకం. ఒకసారి కాళ్ళు లాగుతున్నాయని స్టూల్ వేసుకున్నాను. వెంటనే క్లీన్ బౌల్డ్. పదిమంది ఒక్కసారే నావైపు చూశారు, బంతి నేనే వేసినట్టు.

చెయ్యి నొప్పి పుడుతోంది. ఏడో క్లాసు తర్వాత ఇంత రాయలేదు.

జూన్ 5, గురువారం

మా ఆయన అటక మీది పాత టీవీ దింపించాడు. ఈ డొక్కు ఎందుకండీ, గోడకున్నది బాగానే ఉందిగా అన్నాను. పాత ఆట పాత దాంట్లోనే చూడాలే అన్నాడు. దుమ్ము తుడుస్తుంటే వెనక వైపు బబుల్‌గమ్ స్టిక్కర్ కనిపించింది. బ్యాట్ ఎత్తిన ఆటగాడు, సగం చిరిగిపోయి. మా వాడు అంటించిందే. దాని మీద గుడ్డ పెట్టలేదు.

జూన్ 9, సోమవారం

ఆ మ్యాచ్ వేస్తారట. ఇరవై రెండు, ఆదివారం. టీవీలో కింద అక్షరాలు తిరుగుతున్నాయి. ఈరోజు ఇంకేం రాయలేను.

జూన్ 10, మంగళవారం

రాస్తాను. ఎవరికి చెప్పాలి, కాగితానికే.

మా అబ్బాయికి పద్నాలుగేళ్ళు. వాళ్ళ నాన్న వాణ్ణి కెప్టెన్ అని పిలిచేవాడు. ఆ రోజు ఫైనల్. ఇల్లంతా జనం. మన బ్యాటింగ్ సగంలో ఉండగా అక్కడా వాన, ఇక్కడా వాన. అక్కడ ఆట ఆగింది. ఇక్కడ బొమ్మ పోయింది.

బొమ్మ పోతే ఏం చేసేవాళ్ళమో ఆ కాలం వాళ్ళందరికీ తెలుసు. ఒకరు మేడ ఎక్కి యాంటెన్నా తిప్పాలి. మా ఇంట్లో అది కెప్టెన్ పని. వాడి చెల్లెలు కిటికీలో, వాళ్ళ నాన్న టీవీ ముందు. బొమ్మ పోయింది అని ఆయనంటే, పోయింది అని చెల్లెలు పైకి అరవాలి. అప్పుడు వీధిలో ప్రతి ఇంట్లోనూ అదే కూత.

ఆట మళ్ళీ మొదలైంది, మాట వినిపిస్తోంది, బొమ్మ లేదు. ఇంకొంచెం తిప్పమను అన్నాడాయన. ఇంకొంచెం అన్నయ్యా అని అరిచింది అది. బొమ్మ వచ్చేసింది, అద్దంలా. అందరం చప్పట్లు కొట్టాం. ఆ చప్పట్లలోనే పెరట్లో ఏదో పడ్డ చప్పుడు. బియ్యం బస్తా పడ్డట్టు.

పిట్టగోడ అంతా పాకుడు. వాన. వాడు గోడెక్కి నిలబడ్డాడు.

ఆ మ్యాచ్ ఎవరు గెలిచారో మా ఇంట్లో ఇప్పటికీ ఎవరికీ తెలీదు. ఆయన ఆ మర్నాడే పేపర్ మానేశాడు. తర్వాత ఎవరూ మా ముందు ఆ మాట ఎత్తలేదు. ఒకసారి ఎదురింటి టైలర్ నోరు జారబోతే వాళ్ళావిడ ఆయన తొడ మీద గిల్లడం నేను చూశాను. ఎన్నేళ్ళయినా వీధి వీధంతా మాకోసం ఆ ఒక్క ముక్క దాచింది.

జూన్ 12, గురువారం

మేడ మీద యాంటెన్నా పెట్టించాడు. ఎక్కడ సంపాదించాడో, అల్యూమినియం చువ్వలది. టీవీ మెకానిక్ తల గోక్కున్నాడు. ఇప్పుడు గాల్లో ఏ సిగ్నలూ రాదు పెద్దమ్మా, ఛానెల్ డబ్బాలోంచి వస్తుంది, ఈ వైరు ఎక్కడ తగిలించమంటాడు పెద్దాయన అని నన్నడిగాడు. ఆయన్నే అడుగు నాయనా అన్నాను. ఎక్కడా తగిలించక్కర్లేదు, నిలబెట్టు చాలు అన్నాడాయన.

వైరు మేడ అంచు మీంచి వేలాడుతోంది. దాని కొన దేనికీ తగిలించి లేదు.

జూన్ 14, శనివారం

అమ్మాయికి ఫోన్ చేశాడు. ఇరవై ఒకటికల్లా చిన్నదాన్ని తీసుకుని రమ్మన్నాడు. చిన్నది అంటే మా మనవరాలు. మొన్ననే పద్నాలుగు నిండాయి. ఫోన్లో దాన్ని ఏం కెప్టెన్ అని పలకరించాడు. నా చేతిలో గరిటె ఆగిపోయింది. ఆ పిలుపు ఈ ఇంట్లో వినపడి ఎన్నేళ్ళయిందో. అవతల అది కిలకిలా నవ్వింది.

జూన్ 16, సోమవారం

అడిగేశాను. ఏమిటండీ ఇదంతా అని.

ఎంత నెమ్మదిగా చెప్పాడో. ఆట అయిపోలేదు కదే అన్నాడు. ఆట నడుస్తుంటే వాడు పైనున్నాడు, మనమే మధ్యలో లేచి వచ్చేశాం. ఎవరి చోట వాళ్ళుండి చివరి బంతి దాకా చూస్తే వాడు దిగొస్తాడు అన్నాడు. నేను టీవీ దగ్గర, అమ్మాయి కిటికీలో, నువ్వు గుమ్మంలో అన్నాడు.

పైన ఎవరుండాలి అన్నాను.

చిన్నది ఉందిగా, సరిగ్గా వాడి ఈడే అన్నాడు. డాబా మీది వడియాలు తెమ్మన్నంత తేలిగ్గా.

నిజం రాయాలి కదా. ఆయన దిగొస్తాడు అన్నప్పుడు నా ప్రాణం లేచొచ్చింది. మెట్ల వైపు చూశాను. తర్వాతే చిన్నది గుర్తొచ్చింది.

అమ్మాయికి ఫోన్ చేసి రావద్దన్నాను. పెద్దవాడైపోయాడమ్మా, ఏదో ముచ్చట పడుతున్నాడు, కాసేపు యాంటెన్నా పట్టుకుంటే ఏం పోయింది అంది. ఏం పోయిందా అన్నాను. నేను నాన్నకి కాదని చెప్పలేను, ఆ రోజు అరిచింది నేనే కదమ్మా అంది. పెట్టేసింది.

జూన్ 17, మంగళవారం

జాకెట్టు కుట్టడానికిచ్చే వంకతో టైలర్ దగ్గరికి వెళ్ళాను. అన్నయ్యా, ఆ మ్యాచ్ ఎవరు గెలిచారు అన్నాను. ఏ మ్యాచ్ అని అడగలేదు. మిషన్ ఆపేశాడు. ఎందుకమ్మా ఇప్పుడు అన్నాడు. చెప్పు అన్నాను. వాళ్ళావిడ లోపల్నుంచి వచ్చి ఆయన పక్కన నిలబడింది, ఈసారి గిల్లలేదు.

ఓడిపోయామమ్మా అన్నాడు. కొద్ది తేడాతో.

వాడు పోయిన సాయంత్రం వీధంతా నోరు మెదపకుండా కూర్చోవడం మా వాడికోసమే అనుకున్నాను ఇన్నేళ్ళూ. సగం వాడికి, సగం మ్యాచ్‌కి అన్నమాట. కోపం రాలేదు. వాడు ఉన్నా ఆ పూట అన్నం మానేసేవాడే.

జూన్ 19, గురువారం

ఆయనకి చెప్పేశాను. అన్నం వడ్డిస్తూ. ఆ మ్యాచ్ ఓడిపోయామండీ, అయిపోయింది, ఇంక వదిలెయ్యండి అని. ఫలితం తెలిసిన మ్యాచ్ ఎవరు చూస్తారు. పప్పులో నీళ్ళు పోసినట్టే కదా.

నవ్వాడు. నువ్వు చూశావా అన్నాడు.

విన్నాను అన్నాను.

విన్నది లెక్కలోకి రాదు, మన టీవీలో ఇంకా సగమే అయింది అన్నాడు. మజ్జిగ అడిగాడు.

జూన్ 21, శనివారం

వచ్చారు. చిన్నది చెప్పులు విప్పకుండానే మేడెక్కింది, తాతయ్యతో. పిట్టగోడ దగ్గర నిలబెట్టి చూపిస్తున్నాడు, చెయ్యి ఇలా, కాలు ఇలా అని. కాలు ఎక్కడ పెట్టాలో చెప్తున్నాడు. ఆకాశం మూసుకొచ్చింది. రేపు వాన అని టీవీలో చెప్పారు. ఆయన సంతోషించాడు.

వాళ్ళు దిగాక మేడ తలుపుకి తాళం వేశాను. తాళంచెవి పెరటి బావిలో వేశాను. దాచితే వెతుకుతాడు.

జూన్ 22, ఆదివారం, పొద్దున్న

వాన. సన్నగా, ఆగకుండా. ఆయన గడ్డం గీసుకుని కొత్త చొక్కా వేసుకున్నాడు. కుర్చీలు అప్పటిలాగే వేశాడు, రాని జనానికి కూడా.

అదే రోజు, సాయంత్రం

అందరికీ అన్నాలు పెట్టి వచ్చి రాస్తున్నాను.

అమ్మాయి కిటికీలో కూర్చుంది, ముఖం చున్నీలో దాచుకుని. నేను గుమ్మంలో నిలబడ్డాను. ఎందుకు నిలబడ్డానో నాకే తెలీదు. కాళ్ళే అక్కడికి తీసుకెళ్ళాయి. మీసాల ఆటగాళ్ళు వచ్చారు. ఎవడు ఎప్పుడు అవుటవుతాడో నాకన్నీ గుర్తున్నాయి. చిన్నది చిప్స్ తింటూ, ఎంత స్లోగా ఆడుతున్నారు తాతయ్యా, వీళ్ళకి ఇంటికెళ్ళాలని ఉండదా అంటోంది. ఆయన నవ్వుతున్నాడు.

అక్కడ వాన మొదలైంది. గ్రౌండ్ మీద పట్టాలు కప్పుతున్నారు. స్టవ్ మీద పాలు పొంగిన వాసనొస్తే వెళ్ళి దింపి వచ్చాను. అంతే. వచ్చేసరికి చిన్నది లేదు.

చిప్స్ ప్యాకెట్ కుర్చీలో ఉంది. ఆయన టీవీకి అంగుళం దూరంలో కూర్చుని పోయింది పోయింది అంటున్నాడు. బొమ్మ ఎక్కడికీ పోలేదు. శుభ్రంగా కనిపిస్తోంది.

మెట్లు ఎలా ఎక్కానో. చిన్నది పై మెట్టు మీద కూర్చుని ఫోన్ చూసుకుంటోంది. తాళం వేసుందేంటి అమ్మమ్మా, తాతయ్య తిడతాడేమో అంది. దాన్ని పట్టుకుని అక్కడే కూర్చుండిపోయాను. నొప్పెడుతోంది వదులు అంది. వదల్లేదు.

కిందికి తెచ్చి నా పక్కన నిలబెట్టుకున్నాను. తాళంచెవి ఏది అన్నాడాయన, వెనక్కి తిరక్కుండా. లేదు అన్నాను. ఊఁ అన్నాడు.

ఆట మళ్ళీ మొదలైంది. ఒక బంతి వేశారు. ఆ బంతి అప్పుడు మేమెవరం చూడలేదు. మా వాడు చూడలేదు. ఆ తర్వాత ప్రతి బంతీ అంతే. వాడు లేని బంతులు. అప్పుడు ఏడవడం అయిపోయిందనుకున్నాను, ఈ బంతులకి దాచుకున్నాను కాబోలు.

చివరి దాకా చూశాం. ఓడిపోయాం. చిన్నది ఇంతేనా, దీనికేనా ఇంత బిల్డప్ అంది. వాళ్ళమ్మ వచ్చి దాన్ని గట్టిగా హత్తుకుంది. ఆయన కాసేపు మెట్ల వైపు చూశాడు. అన్నం పెట్టు అన్నాడు.

జూన్ 23, సోమవారం

పొద్దున్నే అమ్మాయీ చిన్నదీ బస్సెక్కారు. ఇంక ఎప్పుడు పిలిచినా పంపనమ్మా అంది అమ్మాయి నా చెవిలో. ఆయన గేటు దాకా వచ్చి చెయ్యి ఊపాడు. ఇల్లు తేలిగ్గా ఉంది. అయిపోయింది అనుకుంటూ టీవీ మీద గుడ్డ కప్పాను.

జూన్ 27, శుక్రవారం

కాఫీ ఇస్తుంటే ఆదివారం ఎవరు గెలిచారే అన్నాడు. నా ఎదురుగానే చూశారుగా, ఓడిపోయాం అన్నాను. లేదే, వానలో బొమ్మ పోయింది కదా అన్నాడు. వచ్చే నెల మళ్ళీ వేస్తారట.

పెరటి గోడకి కొత్త నిచ్చెన ఆనించి ఉంది. మేడ దాకా అందుతుంది. చెక్కది, తేలిక, పిల్లలు కూడా ఎక్కేలా మెట్లు దగ్గర దగ్గరగా కొట్టించాడు. వీధి చివరి పిల్లల్ని పేరు పేరునా పిలిచి ఎవరికెంత వయసని అడుగుతున్నాడు.

ఎదురింటి టైలర్ని అడిగి రంపం తెచ్చాను. ఎందుకని అడగలేదు. మా ఆయన భోజనానికి కూర్చోగానే నిచ్చెన కొయ్యడం మొదలుపెడతాను.