ఒట్టు లేని మాట

కరుణక్కా,

బాగున్నావా అని అడగను. అడిగితే, "లేనిదాన్ని ఎట్టా అడుగుతున్నావే సైన్సు టీచరూ?" అని పట్టుకుంటావు. నువ్వు పోయి ఈ ఆదివారానికి ఏడు నెలలు. ఈ ఉత్తరం నీకు అందదని నాకు తెలుసు. అందుతుందని నీ కూతురు బ్లెస్సీకి తెలుసు. అయినా రాస్తున్నాను...

జగ్గయ్యపేటలో బస్సెక్కగానే పక్క సీట్లో హ్యాండ్‌బ్యాగు పెట్టడం ఇంకా మానలేదు. చిల్లకల్లులో నువ్వు ఎక్కవు కదా, బ్యాగు తీసి ఒళ్లో పెట్టుకుంటాను. అక్కడి నుంచి నందిగామ దాకా వాదించడానికి మనిషి లేదు. పద్నాలుగేళ్లు ఒకే బడికి, ఒకే బస్సులో వెళ్లాం. దేవుడున్నాడా లేడా అన్నది తేలకుండానే రోజూ దిగిపోయేవాళ్లం. అసలు తేలాలని మనకెప్పుడైనా ఉందా అక్కా?

నిజంగా పోట్లాడుకున్నది ఒక్కసారే. నా ఆపరేషన్ అప్పుడు. గాల్ బ్లాడర్‌లో రాళ్లున్నాయని నీ ఒక్కదానికే చెప్పాను. నువ్వేమో ఆదివారం చర్చిలో లేచి, నా పేరుతో సహా ప్రార్థన మనవి చెప్పావు. సెలవు అయ్యాక బడికి వెళ్తే మీ చర్చికొచ్చే ఎనిమిదో తరగతి పిల్ల ఒకతి అందరి ముందూ నా రాళ్ల క్షేమం అడిగింది. నాకు తల కొట్టేసినట్టయింది. నన్ను అడక్కుండా నన్ను తీసుకెళ్లి నీ దేవుడి ముందు నిలబెట్టే హక్కు నీకెవరిచ్చారు? అదే అడిగాను. వారం రోజులు డ్రైవరు వెనక సీట్లో నేను, చివరి సీట్లో నువ్వు.

ఎనిమిదో రోజు నా బ్యాగు నువ్వే తీసి పక్కన కూర్చున్నావు. "తప్పేనే. నువ్వంటే ప్రాణమని చేసా. నీకెట్టా ఉంటదో ఆలోచించలా. ఇంక నీ పేరు ఎవరి ముందూ ఎత్తను, నా ప్రార్థన పుస్తకంలో కూడా రాయను" అన్నావు. ఒట్టు వెయ్యమన్నాను. "మేం ఒట్లు పెట్టుకోకూడదే. అవునంటే అవును, అంతే" అన్నావు. బదులుగా నీ ఉపవాసాల మీద జోకులు వేయనని నేనూ మాటిచ్చాను. నేను ఒట్టు వేద్దామన్నా దేని మీద వేయను? నాకు దేవుడే లేడాయె. ఆ ఏడాది లెంట్‌లో, ఈస్టరు ముందు మీ నలభై రోజుల ఉపవాసాల్లోనే, రెండుసార్లు మాట తప్పాను. మరి నువ్వు?

అదే నాకు తెలియలేదు. నువ్వు పోయాక మీ చర్చివాళ్లు పెట్టిన ఆదరణ కూడిక అయిపోయాక బ్లెస్సీ నీ ప్రార్థన పుస్తకం తెచ్చి నా చేతిలో పెట్టింది, ఆ నీలం అట్ట నోటుబుక్కు. మూడు రోజులు తెరవలేదు. నా పేరు కనిపిస్తే? పోట్లాడదామన్నా నువ్వు లేవు. నువ్వు మాట తప్పావని ఇప్పుడు తెలిస్తే నేనేమైపోవాలి?

తెరిచాను. ప్రతి సోమవారానికీ ఒక పేజీ, వరుసగా నంబర్లు. ఒకటి, చెవిటికల్లు రత్నమ్మ, మోకాళ్లు. రెండు, మస్తాన్, ఇంగ్లీషు పరీక్ష. మూడు, మన హెడ్‌మాస్టారి కోపం! మొదటి నుంచి చివరి దాకా వెతికాను. నా పేరు లేదు. హమ్మయ్య అనుకుని మూయబోతూ చూశాను. ఐదో నంబరు వేసి ఉంది. దాని ఎదురుగా ఏమీ లేదు. ముందు పేజీ తిప్పాను... అక్కడా ఐదు ఎదురుగా ఖాళీ. ఇంకా ముందుది... ఖాళీ. ఆస్పత్రిలో రాసిన ఆఖరి పేజీలో కూడా ఐదు వేసి వదిలేశావు.

ఏడ్చాను అక్కా. ఆ తర్వాత ఒళ్లు మండింది. హాజరు పట్టీలో పేరు రాయకుండా నంబరు వేస్తే అది ఎవరి హాజరు? ఇది మాట నిలబెట్టుకోవడమా, నా కళ్లు కప్పడమా? ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నాను. తలుచుకుంటే నవ్వు మాత్రం వస్తోంది.

ప్రార్థన నావల్ల కాదు. కానీ ఆ పేర్లు చదివాక ఊరుకోలేకపోయాను. మన బడిలో ఆయాగా చేసిన రత్నమ్మే కదా... వాళ్లింటికి వెళ్లి, విజయవాడ తీసుకెళ్లి డాక్టరుకు చూపించాను. ఇప్పుడు కర్ర పట్టుకుని కంచికచర్ల దాకా వచ్చి వెళ్తోంది. అది ప్రార్థన ఫలమని బ్లెస్సీ అంటుంది. ఎముకల డాక్టరు ఫలమని నేనంటాను. ఆ డాక్టరు దగ్గరికి నన్ను పంపిందెవరని అడిగింది చూడు... అచ్చం నీ కూతురే. మళ్లీ నాకు వాదించడానికి మనిషి దొరికింది.

పోయిన వారం బ్లెస్సీ కొత్త నోటుబుక్కు కొంది. తన పేర్లు రాసుకునే ముందు నా దగ్గరికి వచ్చి, ఐదో నంబరు ఉంచనా తీసేయనా అని అడిగింది. అప్పుడు నువ్వు అడగనిది ఇప్పుడు తను అడిగింది అక్కా. ఎప్పటి కోపమో అప్పుడు దిగిపోయింది. దేవుడు లేడనే నేను ఇప్పటికీ అంటాను. అయినా తీసేయమనడానికి నోరు రాలేదు. ఉండనీ, పేరు మాత్రం రాయకు అన్నాను. సరేనంది. నేను ఒట్టు వెయ్యమనలేదు.

మళ్లీ లెంట్ వస్తోంది. ఈసారి బ్లెస్సీ ఉపవాసం మీద ఒక్క జోకు కూడా వేయను. అవునంటే అవును, అంతే.

ఉంటాను అక్కా.

నీ
ఐదో నంబరు