బస్సెక్కిన రాయి

లైమ్ రీజిస్,
గురువారం సాయంత్రం.

తమ్ముడు క్లెమెంట్‌కి,

అక్క హెస్టర్ ఆశీస్సులు. నేనిక్కడ క్షేమం, మోకాళ్ళ సంగతి అడక్కపోతే. నువ్వక్కడ క్షేమంగా ఉన్నానని రాశావు గానీ, నీ మాట నమ్మే వయసు నాకెప్పుడో దాటిపోయింది. అందుకే ఆస్పత్రికి ఫోన్ చేసి నర్సునే అడిగాను. తిండి బాగానే తింటున్నావట, పక్క మంచం ఆయనతో పోట్లాడుతున్నావట కూడా. సంతోషం. కానీ కుడిచేత్తో పిసకమని ఇచ్చిన రబ్బరు బంతిని కిటికీ గట్టు మీద పెట్టి, మళ్ళీ ముట్టుకోలేదట. దాని సంగతి తర్వాత తేలుస్తాను.

ఎడమచేత్తో నువ్వు రాసిన ఉత్తరం అందింది. అక్షరాలు బాగా తాగి ఇంటికి పోతున్నవాడి అడుగుల్లా ఉన్నాయి. అయినా ఒక్కటీ వదలకుండా చదివాను. మాట తడబడుతోందని నువ్వు ఫోనెత్తవు కాబట్టి, ఉత్తరాలే రాసుకుందాం. నాకూ అదే హాయి. మధ్యలో అడ్డం రావు.

మన గది మనకే ఇచ్చారా అని అడిగావు. ఇచ్చారు. గాలి వీస్తే ఈలవేసే ఆ కిటికీ ఇంకా ఈల వేస్తూనే ఉంది. పొద్దున్నే పొగబెట్టిన చేప, టోస్టు, నారింజ మార్మలేడ్. లాడ్జి నడిపే మిసెస్ లవ్‌రిడ్జ్ నిన్ను తలుచుకోని పూట లేదు. భోజనాల గదిలో నీ కుర్చీలో ఎవరో పెద్దమనిషి కూర్చోబోతే, "అది ఆయన కుర్చీ, లేవండి" అని లేపేసింది. పాపం ఆయన టీకప్పు చేత్తో పట్టుకుని క్షమాపణలు చెప్పుకుంటూ వేరే బల్లకి పోయాడు.

ఇక మూడో ప్రశ్న. "నా సుత్తి పాతసామాన్ల దుకాణానికి ఇచ్చేశావా? ఈ చేతికి ఇంక దానితో పనిలేదు" అని రాశావు. దానికి జవాబు ఈ ఉత్తరంలోనే ఉంది, కాని ముందు నా వార్తలు విను. పెద్దదాన్ని, నాకే ముందు చెప్పే హక్కు.

ముప్పయ్యేళ్ళుగా ప్రతి అక్టోబరులో ఒక వారం ఈ ఊరొస్తున్నాం కదా, నేను చూసిందేమిటి? వంగిన నీ వీపు, దాని వెనక నల్లమట్టి కొండ. మడతకుర్చీలో కూర్చుని ఫ్లాస్కు కాపలా కాయడం నా ఉద్యోగం. నువ్వు తెచ్చిన ప్రతి రాయీ నా ముఖం మీద పెట్టి "ఇదేమిటో చెప్పక్కా" అంటే, "బంగాళదుంప" అనేదాన్ని. పళ్ళెమంత అమ్మొనైట్, రాయిగా మారిన ఆ చుట్టతిరిగిన పాతకాలపు నత్త, నీ కలలో వచ్చినన్నిసార్లు ఒడ్డు మీద రాలేదు. నీకు దొరికినవన్నీ చొక్కా బొత్తాలంత.

ఈసారి నా వారం నేనే ఏలుకుందామనుకున్నాను. మొన్న పొద్దున్నే బస్సెక్కాను. మేడబస్సు, పైన ముందు సీటు! ఒక పొడుగాటి మనిషి దానిమీద కన్నేసి నా వెనకే మెట్లెక్కుతున్నాడని తెలిసి, ఈ మోకాళ్ళతోనే పరుగెత్తాను. కూర్చుని వెనక్కి తిరిగి "అయ్యో, మీకు కావాలా?" అన్నాను. "అబ్బే, లేదండీ" అన్నాడు, ముఖం మాడ్చుకుని. ఆ విజయంతోనే నా వారం మొదలైంది.

క్లెమెంట్, ఈ తీరమంతా నాకు కనబడకుండా దాచిపెట్టావు కదరా! వెస్ట్ బే దగ్గర ఆ పసుప్పచ్చటి కొండలు నిటారుగా నిలబడి ఉన్నాయి. అక్కడ దిగి చిప్స్ కొనుక్కుంటే సగం సముద్రపు కాకి ఎత్తుకుపోయింది. మిగతా సగంతో మళ్ళీ బస్సెక్కాను. ఆబట్స్‌బరీ మీది గుట్టెక్కేసరికి, కింద ఆ గులకరాళ్ళ గట్టు సముద్రంలోకి ఎంతదూరం పోయిందో, దాని చివర కనబడలేదు. "దేవుడా!" అని గట్టిగా అరిచాను. వెనక సీటు ఆవిడ నాకో పిప్పరమెంటు ఇచ్చింది. ఆ ముందు సీట్లో కూర్చుని నేను ఏడ్చాను, సంతోషంతోనే. నువ్వు పక్కన ఉంటే ఇంకా బాగుండేదని కూడా ఏడ్చాను.

ఇవాళ మధ్యాహ్నం బస్సెక్కుతుంటే డ్రైవరమ్మ పలకరించింది. పేరు మార్లీన్, లావుపాటి మనిషి, ఎక్కినవాళ్ళందరూ ఆవిడకి బంగారాలే.

"ఎక్కు బంగారం. వినలేదా, చార్మత్ దగ్గర కొండ మళ్ళీ జారింది. నిన్నటి వానకి బురదంతా ఒడ్డు మీదకి దిగిపోయింది. రాళ్ళపిచ్చోళ్ళకి ఇవాళ పండగే."

నాకు రాళ్ళపిచ్చి లేదు. అయినా చార్మత్‌లో దిగిపోయాను.

వాన కురిసిన మర్నాడు కొండకింద అడుగుపెట్టనని నువ్వు నాచేత ఒట్టు వేయించుకున్నావు. కొండకింద పెట్టలేదు. నీళ్ళ అంచునే నడిచాను. జాగ్రత్త అని పెట్టిన బోర్డు మాత్రం దాటాను. ఇప్పుడు పళ్ళు కొరకకు, పక్క మంచం ఆయన భయపడతాడు. బురద బూట్లని పట్టి లాగుతుంటే కాసేపటికే నా పని అయిపోయింది. మడతకుర్చీ తేలేదు. చదునుగా ఒక రాయి కనబడితే దాని మీద కూలబడి ఫ్లాస్కు తీశాను. కప్పు పెట్టుకుందామని రాతి అంచు తడిమితే వేళ్ళకి గీతలు తగిలాయి. వరసగా, ఒకటే ఎడంతో, అంచు చుట్టూ తిరిగిన గీతలు.

"గుండ్రంగా ఉండాలి, బరువుగా ఉండాలి, అంచున గీతలుండాలి" అని నువ్వు ఎన్ని వందలసార్లు నా చెవిలో పోరావో! విననట్టే ఉండేదాన్ని గానీ, అన్నీ విన్నానన్నమాట.

అవును తమ్ముడూ. దానిమీదే కూర్చున్నాను.

లేచి ఒడ్డంతా వినబడేలా కేక పెట్టాను. గడ్డం, తలకి టోపీ, నడుముకి సుత్తి ఉన్న ఒకాయన పరుగెత్తుకొచ్చాడు. రాయి అటూ ఇటూ తిప్పి ఈల వేశాడు.

"పెద్దదేనమ్మా. ఒక్క దెబ్బేస్తే తెరుచుకుంటుంది. వెయ్యమంటారా?"

"వద్దు."

"చూడండి, ఇలాంటివాటిలో సగం లోపల నలిగిపోయి ఉంటాయి. ఇంత బరువు ఊరికే మోసుకెళ్ళి ఏం చేస్తారు? ఇక్కడే తేల్చేసుకుంటే పోలా?"

"దెబ్బ వెయ్యాల్సినవాడు వేరే ఉన్నాడు నాయనా. ముప్పయ్యేళ్ళ నుంచీ వరసలో ఉన్నాడు."

వరస అనేసరికి ఆయన సుత్తి మీంచి చెయ్యి తీసేశాడు. సముద్రం అప్పటికే మా బూట్ల దాకా వచ్చేసింది. పండక్కి కాల్చే టర్కీ కోడంత బరువున్న ఆ రాతిని నా కోటులో చుట్టి, బస్‌స్టాప్ దాకా మోసుకొచ్చి, నా చేతుల్లో పెట్టి వెళ్ళిపోయాడు.

ఇక అక్కడ జరిగింది వింటే, పక్కకి పోయిన నీ మూతి నవ్వి నవ్వి పూర్తిగా తిరిగొస్తుంది. స్టాపులో ముందు నిలబడ్డది నేను. నా వెనక చిన్న కుక్కతో ఒక ముసలాయన, ఆయన వెనక సంచులతో ఒకావిడ. బస్సొస్తోంది. చెయ్యి చాపి బస్సాపడం ముందున్నవాళ్ళ పని. నా రెండు చేతుల్లోనూ రాయి. నన్ను దాటి చెయ్యి చాపితే మర్యాదగా ఉండదని ముసలాయన ఊరుకున్నాడు. ఆయన్ని దాటడం మర్యాద కాదని ఆవిడ ఊరుకుంది. చలికి నిలబడ్డ ముగ్గురు బొమ్మల్ని చూసి బస్సు దర్జాగా ముందుకి పోయింది.

"క్షమించండి, నాదే తప్పు" అన్నాడాయన.

"కాదు కాదు, నాది" అంది ఆవిడ.

"మీ ఇద్దరిదీ కాదు, ఈ రాతిది" అన్నాను నేను. చేతులు పడిపోతున్నాయి.

తర్వాతి బస్సు కనబడగానే ఆ ఇద్దరూ రోడ్డు మీదకి దిగి, ఓడ మునిగినవాళ్ళలా చేతులూపారు. కుక్క కూడా మొరిగింది. బ్రేకు కీచుమంది. లోపల మార్లీనే.

"ఏంటీ, ఎవరైనా పోయారా?"

"లేదు, ఒకటి దొరికింది" అని కోటు విప్పి చూపించాను.

చూసి నోరు తెరిచింది. "దానికి టికెట్టుందా బంగారం?"

"దాని వయసుకి టికెట్టేమిటి, వృద్ధుల పాసు ఇవ్వాలి."

బస్సంతా గొల్లుమంది. వృద్ధులకి కేటాయించిన సీట్లోనే దాన్ని కూర్చోబెట్టాం. ఇక పగలగొట్టి చూపించమని అందరూ ఒకటే గోల. నేను నీ సంగతి చెప్పాను. నీ వెతుకులాట, నీ బొత్తాలు, ఈ వేసవిలో పక్షవాతంతో నీ కుడిచెయ్యి పడిపోవడం, అన్నీ. బస్సులో పరాయివాళ్ళతో అంతసేపు మాట్లాడడం నా జీవితంలో ఇదే మొదలు.

"ఇప్పుడు ఆ చెయ్యి పనిచేస్తుందా?" అనడిగింది సంచులావిడ.

"చేస్తుంది. చెయ్యకపోతే నేను చేయిస్తాను."

మార్లీన్ బస్సుని స్టాపు దాటించి, సరిగ్గా మన లాడ్జి గుమ్మం ముందు ఆపింది. "ఇవాళ ఇక్కడ స్టాపు పెట్టాం" అని ప్రకటించింది. నేను దిగుతుంటే చప్పట్లు కొట్టారు తమ్ముడూ. నాకు! నీ అక్కకి! "లోపలేముందో నాకు చెప్పాలి, లేకపోతే వచ్చే ఏడాది బస్సెక్కించను" అని అరిచి మరీ వెళ్ళింది మార్లీన్.

ఇప్పుడు సుత్తి సంగతి. నువ్వు ఇచ్చెయ్యమన్న రోజున దుకాణం దాకా వెళ్ళాను. అమ్మే ఆవిడ చెయ్యి కూడా చాపింది. నా సంచీలోంచి చెయ్యి బయటికి రాలేదు. సిగ్గుపడి, అక్కర్లేని ఒక టీకెటిల్ కొనుక్కుని వచ్చేశాను. ఇచ్చేసిన పనే అనుకో అని నీకు అబద్ధం రాశాను. సుత్తి నా నైట్‌గౌనులో చుట్టి ఈ ఊరికే తెచ్చాను. ఎందుకు తెచ్చానంటే, "ఇంక ఈ చెయ్యి దేనికక్కా" అని నువ్వన్న రోజు నాకు భయం వేసింది. చెయ్యి పడిపోయినప్పుడు కూడా అంత భయం వెయ్యలేదు. నాకున్నది నువ్వొక్కడివే. నువ్వు మనసు వదిలేసుకుంటే నేను బతకలేను.

ఇప్పుడు రాయీ సుత్తీ నా ముందు బల్ల మీద పక్కపక్కనే ఉన్నాయి. ఇందాక సుత్తి చేతిలోకి తీసుకున్నాను కూడా. మళ్ళీ పెట్టేశాను. లోపల నత్త నిక్షేపంలా ఉందో, నలిగి మట్టయిందో నాకు తెలియదు. ఎవరికీ తెలియదు. దాన్ని మొదట చూడాల్సింది నువ్వు.

శనివారం రెండూ తీసుకుని బస్సులోనే వస్తాను. ఆస్పత్రి తోటలో ఒక బెంచీ ఉందని, అక్కడైతే అభ్యంతరం లేదని నర్సు ఒప్పుకుంది. ఒకే దెబ్బకి తెరవాలని లేదు. శనివారమే తెరవాలని కూడా లేదు. పిడికిలి బిగిసిన రోజున కొడుదువుగాని. ఆ రాయి కోట్ల ఏళ్ళుగా ఆగింది, ఇంకొంచెం ఆగుతుంది.

నేను మాత్రం ఆగలేను. కిటికీ గట్టు మీది బంతి తీసుకో.

ఇట్లు,
నువ్వు ముప్పయ్యేళ్ళు వంగి వెతికినదాన్ని కూర్చుని కనుక్కున్న
నీ అక్క హెస్టర్