దొరల తరవాత నవ్వు

బిలాస్‌పూర్, 1943, సోమవారం

నవ్వితే భయం పోతుందా, కాసేపు పక్కకు తప్పుకుంటుందా? కాలేజీ రోజుల నుంచి నన్ను వదలని ప్రశ్న ఇది.

శనివారం రైల్వే ఇన్‌స్టిట్యూట్‌లో నియంతను వెక్కిరించే సినిమా వేశారు. ముందు కుర్చీల్లో దొరలు నవ్వాకే వెనక బల్లల మీద మేం నవ్వడం ఇక్కడి అలవాటు. ఆ రోజూ అలాగే నవ్వాం. వాళ్లు యుద్ధంలో తమ శత్రువును చూసి నవ్వారు. మేం ఎవరిని తలుచుకుని నవ్వామో వాళ్లకి తెలియలేదు.

ఈరోజు తెలిసిపోయింది. మా ఆయన తను పనిచేసే రైలింజన్ల షెడ్డులో ఆ నియంత నడక నడిచి చూపిస్తూ, చేతులు వెనక్కి కట్టుకుని అచ్చం షెడ్డు దొరలా దగ్గారట. వెనకే దొర! రేపు ఆఫీసుకు రమ్మన్నాడు.

"కాళ్లు పట్టుకోమంటావేటి? సినిమాలో వాడినే చేశాను, తమరిని చేశాననుకున్నారా అని దొరనే అడుగుతాను," అన్నారు ఆయన ఇంటికొచ్చి.

"ఉద్యోగం పోతేనండీ?"

"అచ్ఛా! మొన్న అందరికన్నా గట్టిగా నువ్వే నవ్వినావు కాదేటి?"

నవ్వాను. నవ్విన నేనే ఆయన్ని క్షమాపణ అడగమనడం ఎలా? క్షమించమంటే ఆ నడక దొరదేనని ఒప్పుకున్నట్టు. అనకపోతే ఉద్యోగం పోయి ఈ రైల్వే క్వార్టర్ ఖాళీ చేయాలి. రేపు పొద్దున గుమ్మం దగ్గర ఆయనకు ఏం చెప్పాలో నేనింకా తేల్చుకోలేదు.